పాట బానే ఉందక్కా, రోడ్డే బాలేదు: కేంద్ర సమాచార, ప్రసార శాఖకు బహిరంగ లేఖ

కేంద్ర సమాచార, ప్రసార శాఖ మంత్రిగారికీ, ఆ శాఖ అధికారులకూ నమస్కారం.

రేడియోల్లో జనాన్ని తమ ఊరి సంగతులు మాట్లాడుకోనివ్వమని అడగడానికే ఈ ఉత్తరం. తెలుగులో రాస్తున్నందుకు ఏమీ అనుకోకండి. ఢిల్లీలో ఎవరు చదువుతారే అని మా ఆయన నవ్వాడు. మా చిన్నప్పుడు పొద్దున్నే రేడియోలో తెలుగు వార్తలు ఢిల్లీ నుంచే వచ్చేవి. మీ శాఖలో వెతికితే తెలుగు వచ్చినవాళ్లు ఒక్కరైనా దొరక్కపోరని నా ధైర్యం.

నేను విజయవాడలో ఒక ప్రైవేటు ఎఫ్‌ఎం స్టేషన్లో ఆరేళ్లు పొద్దుటి షో చేశాను. ఇప్పుడు మానేశాను. ఆ ఉద్యోగంలో నాకు బాగా అబ్బిన విద్య ఒకటుంది. అవతలి మనిషి మాట్లాడుతుండగానే, అతనికి కోపం రాకుండా, వినేవాళ్లకు అనుమానం రాకుండా, మాట తుంచేసి పాట వేయడం.

ఒక్క కాల్ సంగతి చెప్తాను. భవానీపురం నుంచి ఒక ఆటో అన్న చేశాడు. పెళ్లిరోజు, భార్యకు పాట కావాలి. పాట చెప్పాడు, ఆవిడ పేరు చెప్పాడు, పిల్లల పేర్లూ చెప్పాడు. ఇక పాట వేయబోతుంటే, "అక్కా, ఒక్క మాట. మా వీధి తవ్వి ఎనిమిది నెలలైంది. పైపులేశారు, పూడ్చకుండా పోయారు. కార్పొరేటర్‌ని అడిగితే ఎమ్మెల్యేని అడగమన్నాడు, ఎమ్మెల్యే దగ్గరికెళ్తే..." అన్నాడు. నా కుడిచెయ్యి అప్పటికే ఫేడర్ మీద, అంటే గొంతు పెంచే, తగ్గించే మీట మీద ఉంది. ఎమ్మెల్యే అన్న మాట పూర్తయ్యేలోపే అతని గొంతు కిందికి దిగిపోయింది, నా గొంతు పైకి లేచింది. "అన్నా, అవతల వదినగారు ఎదురుచూస్తున్నారు, పాట రెడీగా ఉంది, వినేద్దామా మరి!" పాట పడింది. లైను కట్ చేయడం మర్చిపోయాను. నాలుగున్నర నిమిషాల తర్వాత హెడ్‌ఫోన్లో మళ్లీ అదే గొంతు. ఈసారి నాకొక్కదానికే వినపడుతోంది.

"పాట బానే ఉందక్కా. రోడ్డే బాలేదు."

ఇద్దరం నవ్వాం. తర్వాతి లింక్‌లో, అంటే పాటల మధ్య నా మాటల్లో, నేను మాట్లాడింది వంటింట్లో బొద్దింకలు పోవాలంటే ఏం చేయాలన్న దాని గురించి. జనం బాగా ఫోన్లు చేశారు. బొద్దింకల మీద నిబంధనలేం లేవు.

మా స్టూడియోలో కన్సోల్ పక్కన గోడకు ఒక కాగితం అంటించి ఉండేది. రాజకీయం వద్దు, కులం వద్దు, మతం వద్దు, పార్టీ పేరు వద్దు, నాయకుడి పేరు వద్దు, ప్రభుత్వాన్ని తిట్టొద్దు, పొగడొద్దు. దాని అడుగున ఎవరో పెన్నుతో "ఊపిరి తీసుకోవచ్చు" అని రాసి పెట్టారు. మేనేజ్‌మెంట్‌ను నేను తప్పుపట్టను. కోట్లు పోసి కొన్న లైసెన్సు వాళ్లది. ఆ కాగితం అంటించింది వాళ్లే అయినా, అందులో ఉన్నది మీ మాటే. దేశంలో ప్రైవేటు ఎఫ్‌ఎం ఏదీ సొంతంగా వార్తలు చెప్పకూడదు, వర్తమాన విషయాలు చర్చించకూడదు. 2011లో ఎఫ్‌ఎం లైసెన్సుల మూడో దశ విధానం వచ్చినప్పుడు కొంచెం తలుపు తీశారు: ఆకాశవాణి వార్తలను ఒక్క అక్షరం మార్చకుండా వేసుకోవచ్చన్నారు. దాంతోపాటు, వార్తలు కావు కాబట్టి మీరే చెప్పుకోవచ్చు అంటూ ఒక జాబితా కూడా ఇచ్చారు. ట్రాఫిక్, వాతావరణం, పరీక్షా ఫలితాలు, అడ్మిషన్లు, ఉద్యోగావకాశాలు, కరెంటు, నీళ్లు, ప్రకృతి వైపరీత్యాలు, ఆరోగ్య హెచ్చరికలు. ఈ చివరి వాటికి ఒక మెలిక ఉంది. అవి స్థానిక యంత్రాంగం ఇచ్చిన సమాచారమై ఉండాలి.

మెలిక ఎలా పనిచేస్తుందో చూడండి. "రేపు ఫలానా డివిజన్లలో నీళ్లు రావు" అని నేను చెప్పొచ్చు, మున్సిపాలిటీ చెప్పింది కాబట్టి. "ఎందుకు రావు" అని నా కాలర్ అడిగితే అది వర్తమాన విషయం. అంటే ఊళ్లో నీళ్లు రాకపోవడం సమాచారం, ఎందుకు రాలేదని అడగడం రాజకీయం!

ఆటో అన్న రోడ్డు సంగతి నన్ను వదల్లేదు. ఆ వారంలోనే తెలిసిన ఇంజనీరు ఒకాయన కలిస్తే అడిగాను. "పైపులేశాక ప్రెషర్ టెస్ట్ చేయాలమ్మా. అది కాకుండా పూడిస్తే, రేపు లీకైందంటే మళ్లీ తవ్వాలి. టెస్ట్‌కి పైనుంచి నీళ్లు ఇంకా ఇవ్వలేదు" అన్నాడు. అంతే సంగతి. ఈ నాలుగు ముక్కలు ఆయనే రేడియోలో చెప్పి ఉంటే ఆ వీధిలో సగం కోపం చల్లారేది. మిగతా సగం, నీళ్లు ఎందుకివ్వలేదన్న వైపు తిరిగేది, అది న్యాయమే. మా నోళ్లకు మీరు వేసిన తాళం మీ అధికారుల నోళ్లకూ పడిందని నాకు అప్పుడే అర్థమైంది. పని చేసేవాడికి తన గోడు చెప్పుకునే చోటు కూడా లేదు.

ఇప్పుడు మా ఊరి వాగు బుడమేరు గురించి.

2024 ఆగస్టు 28న కేంద్ర క్యాబినెట్ 234 కొత్త పట్టణాల్లో 730 ఎఫ్‌ఎం ఛానళ్ల వేలానికి ఒప్పుకుంది. ఆంధ్రప్రదేశ్‌కు 22 ఊళ్లలో 68, తెలంగాణకు 10 ఊళ్లలో 31. మాతృభాషలో కొత్త కార్యక్రమాలు వస్తాయని, స్థానిక యాసకూ సంస్కృతికీ ఊతమొస్తుందని మీరే ప్రకటించారు. పేపర్లో చదివి సంతోషపడ్డాను. ఆ తర్వాత నాలుగో రోజు, సెప్టెంబరు 1 ఆదివారం, మా ఇంట్లోకి బుడమేరు వచ్చింది.

మాది సింగ్‌నగర్. మేముండేది మొదటి అంతస్తు. మధ్యాహ్నానికి కింది వాటా మునిగింది, కిందివాళ్లు నలుగురూ పైకొచ్చి మాతోనే ఉన్నారు. కరెంటు లేదు. రెండో రోజుకి ఫోన్లన్నీ చచ్చాయి. అప్పుడు మా అమ్మ అటక మీదున్న తన ట్రంకుపెట్టెలోంచి అరచేయంత బ్యాటరీ రేడియో తీసింది. గోడ గడియారంలోంచి ఒక సెల్లు, టీవీ రిమోట్‌లోంచి ఒక సెల్లు పీకి వేస్తే పలికింది. డాబా మీద తొమ్మిది మందిమి దాని చుట్టూ కూర్చున్నాం. ఆరేళ్లు రేడియోలో పనిచేసినదాన్ని, రేడియో కోసం అంత ఆశగా చెవొగ్గింది అదే మొదటిసారి.

ముల్లు తిప్పితే పాట. ఇంకోచోట తిప్పితే ఇంకో పాట. వార్తల టైములో ప్రకాశం బ్యారేజీ నుంచి 11 లక్షల క్యూసెక్కులకు పైగా వదులుతున్నారని చెప్పారు. ఆ లెక్క కరెక్టే, బ్యారేజీ చరిత్రలోనే అంత వరద లేదన్నారు. కానీ మా డాబా మీదున్నవాళ్లకు కావాల్సింది క్యూసెక్కులు కాదు. నీళ్లు ఇంకా పెరుగుతాయా? పడవలు ఏ వీధి దాకా వస్తున్నాయి? డయాలసిస్ పేషెంటును ఎటు తీసుకెళ్లాలి? మళ్లీ గేట్లెత్తారట అని పక్క డాబా మీద అరుస్తున్నారు, నిజమా?

చివరికి మాకు రేడియో అయినవి డాబాలే. పాయకాపురం వైపు నుంచి ఎవరో ఈదుకుంటూ వచ్చి ఒక మాట చెప్తే, అది ఈ డాబా నుంచి ఆ డాబాకు అరుపుల మీద వెళ్లేది. నాలుగు డాబాలు దాటేసరికి "మోకాళ్ల లోతు తగ్గింది" కాస్తా "మోకాళ్ల లోతు పెరిగింది" అయ్యేది. డ్రోన్‌తో పులిహోర పొట్లాలు పడ్డాయి. ఆ పొట్లంతోపాటు ఒక నిజం కూడా పడితే బాగుండేదని మా అమ్మ అంది. ఆవిడ వెటకారం ఎప్పుడూ అంతే.

బుడమేరు నీళ్లు మళ్లించే డైవర్షన్ ఛానల్ గట్టుకు పడ్డ మూడు గండ్లనూ ఆర్మీ వాళ్ల సాయంతో పూడ్చేసరికి వారమైంది. నీళ్లు పోయాక అసలు మాటలు మొదలయ్యాయి. బుడమేరు ఎందుకు తెగింది, ఆక్రమణలెవరివి, ముందే ఎందుకు చెప్పలేదు, కాలువ వెడల్పు పనులు ఏ ప్రభుత్వంలో ఆగాయి? కింది అంతస్తు ఇళ్లకు 25 వేలు, పైవాటికి 10 వేలు సాయం అని ప్రకటించాక, లిస్టులో పేరున్నవాళ్లు, లేనివాళ్లు. ఆ నెల రోజులూ సింగ్‌నగర్‌లో ఏ టీ కొట్టు దగ్గర నిలబడ్డా అరగంటలో ఒక మంచి రేడియో కార్యక్రమం తయారయ్యేది. తిట్లు ఉండేవి, నిజమే. ఆ తిట్ల మధ్యలోనే, పాత బుడమేరు ఎటు పారేదో కంటితో చూసిన ఎనభై ఏళ్ల పెద్దాయన కూడా ఉండేవాడు. గండి పడ్డ చోట ముందురోజు నీటి చెమ్మ చూశానని చెప్పిన గొర్రెల కాపరి ఉండేవాడు. ఆ మాటలన్నీ టీ గ్లాసులు కడిగిన నీళ్లలోనే పోయాయి. మా ఊళ్లో ఎఫ్‌ఎంలకు కొదవ లేదు, వాటిలో ఒక్కదానికైనా ఆ పెద్దాయన ముందు మైకు పెట్టే అధికారం లేదు.

టీవీ ఉంది కదా అంటారేమో. దేశంలో మూడొందలకు పైగా వార్తా ఛానళ్లకు మీరే అనుమతిచ్చారు. తెలుగు న్యూస్ ఛానల్ పేరు చెప్తే అది ఏ పార్టీ వైపో మా పనమ్మాయి కూడా చెప్పేస్తుంది. సాయంత్రం డిబేట్‌లో కూర్చునేది రోజూ ఆ ఆరుగురే, విజయవాడ వరదైనా, ఆదిలాబాద్ పత్తి ధరైనా. యూట్యూబ్ సంగతి చెప్పక్కర్లేదు. చేతిలో ఒక లోగో, ఒక సెల్‌ఫోను ఉంటే చాలు, రోడ్డు మీద ఎవడినైనా ఆపి 'పబ్లిక్ టాక్' అంటూ నోటికొచ్చింది అనిపించి, మధ్యలో కత్తిరించి వదిలేస్తారు. ఆ వీడియో ఎవరు తీశారో, ఎక్కడ తీశారో తెలియదు. మీ లైసెన్సు తీసుకుని, అడ్రసు చెప్పి, ఫీజు కట్టి, ప్రసారమైన ప్రతి మాటా రికార్డు చేసి దాచేవాళ్ల మీదేమో నిషేధం. దీన్లో తర్కం ఎవరైనా చెప్తే వింటాను.

అన్నిటికన్నా నన్ను ఉడికించేది ఎన్నికల సీజను. ఎలక్షన్ కమిషన్ పెట్టిన సర్టిఫికేషన్ కమిటీ ముద్ర పడితే, పార్టీల ప్రకటనలు ప్రైవేటు ఎఫ్‌ఎంలో వేసుకోవచ్చు. 2024లో పొద్దుటి నుంచి రాత్రి దాకా అవే పాటలు, అవే హామీలు. మా నాయకుడు ఇది చేశాడు, వాళ్ల నాయకుడు అది చేయలేదు. పది సెకన్లకింత అని డబ్బులిస్తే రాజకీయం మాట్లాడొచ్చు. అదే ప్రకటన విని, "ఇందులో చెప్పినట్టు మా ఊళ్లో ఆస్పత్రి లేదే" అని శ్రోత ఫోన్ చేస్తే ఫేడర్ దించాలి. ప్రధానమంత్రిగారి 'మన్ కీ బాత్' 2014 అక్టోబరు నుంచి వస్తోంది, రేడియోకి ఎంత బలముందో ఆయనకు తెలుసు కాబట్టే కదా ఆ మార్గం ఎంచుకున్నారు! ఆయన మనసులో మాట మేం వింటున్నాం. మా మనసులో మాట వినడానికి అదే పెట్టె ఎందుకు పనికిరాదు?

మా తోడికోడలు కొడుకు డాలస్‌లో ఉంటాడు. అక్కడ తెలుగువాళ్లు నడిపే రేడియోలున్నాయి. వాడు ఆఫీసు నుంచి ఇంటికెళ్తూ కార్లోంచి ఫోన్ చేసి, మూడు రాజధానుల మీద ఇరవై నిమిషాలు వాదించాడట. గర్వంగా చెప్పాడు. అమరావతికి పద్నాలుగు వేల కిలోమీటర్ల అవతల కూర్చున్నవాడు అమరావతి గురించి రేడియోలో మాట్లాడగలడు. తుళ్లూరులో భూమి ఇచ్చిన రైతు విజయవాడ ఎఫ్‌ఎంకి ఫోన్ చేసి పాట అడగగలడు.

ఆకాశతరంగాలు ప్రజల ఆస్తి అని సుప్రీంకోర్టు 1995 ఫిబ్రవరిలో చెప్పింది, క్రికెట్ ప్రసారాల కేసులో. ఆ ధర్మాసనంలో ఒకరు మన తెలుగువారు, జస్టిస్ బి.పి. జీవన్ రెడ్డి. ప్రసార మాధ్యమాలు ఉండాల్సింది ప్రజల అదుపులో, ప్రభుత్వం అదుపులో కాదు అని విడిగా రాసిన తీర్పులో స్పష్టంగా అన్నారు. నిజాయితీగా ఇంకోటి కూడా చెప్పాలి: ఫ్రీక్వెన్సీ అనేది ప్రైవేటువాళ్లు హక్కుగా అడిగేది కాదని కూడా ఆయనే అన్నారు. కాబట్టి నేను కంపెనీల తరఫున అడగట్లేదు. ఫోన్ చేసేవాళ్ల తరఫున అడుగుతున్నాను. ఈ నిషేధం చెల్లదంటూ కామన్ కాజ్ సంస్థ 2013లో సుప్రీంకోర్టుకు వెళ్లింది. ఇన్నేళ్లలో పిల్లలు పుట్టి హైస్కూల్‌కి వచ్చేశారు.

మా తెలుగు నేల మీద దీనికి ఇంకా పాత కథ ఉంది. కర్నూలు జిల్లా ఓర్వకల్లులో పొదుపు సంఘాల ఆడవాళ్లు 2002లో 'మన రేడియో' అని చిన్న ట్రాన్స్‌మిటర్ పెట్టుకున్నారు. ఊరు దాటి వినపడేది కాదు. లైసెన్సు లేదని 2003లో అధికారులొచ్చి ఆపేశారు. అప్పటికి సంఘాలకు లైసెన్సిచ్చే పద్ధతే లేదు మరి, ఎక్కడ తెచ్చుకుంటారు? జహీరాబాద్ దగ్గర మాచనూరు ఆడవాళ్లు ఇంకా ఓపికమంతులు. దళిత మహిళలు, డెక్కన్ డెవలప్‌మెంట్ సొసైటీ సంఘాలవాళ్లు. స్టూడియో కట్టుకుని, అనుమతి రాక, ఏళ్ల తరబడి క్యాసెట్లలో రికార్డు చేసి ఊరూరా సంఘం మీటింగుల్లో వినిపించారు. 2006లో విధానం మారాక, 2008 అక్టోబరు 15న 'సంగం రేడియో' గాల్లోకొచ్చింది. స్వచ్ఛంద సంస్థల కింద దేశంలో వచ్చిన మొదటి కమ్యూనిటీ రేడియోల్లో అదొకటి. సాయంత్రం ఏడు నుంచి తొమ్మిది దాకా, వాళ్ల యాసలో. విత్తనాల గురించి, పంటల గురించి, మందుల చెట్ల గురించి, పాటలు, పండగలు.

ఆ రేడియో మాటల్లో జొన్న ఎలా విత్తాలో చెప్పొచ్చు. జొన్న రొట్టె ఎందుకు మంచిదో చెప్పొచ్చు. రేషన్ షాపులో బియ్యమే ఎందుకిస్తారు, జొన్న ఎందుకివ్వరు అని గట్టిగా అడిగితే? మీ కమ్యూనిటీ రేడియో మార్గదర్శకాల్లో, వార్తలూ వర్తమాన విషయాలూ, మరోరకంగా రాజకీయ స్వభావం ఉన్న కార్యక్రమాలూ వేయకూడదని ఒక వాక్యం ఉంది. రాజకీయ స్వభావం లేని జొన్న గింజ ఏదో చూపిస్తే నేనూ చూస్తాను. 100 వాట్ల ట్రాన్స్‌మిటరు, 30 మీటర్లకు మించని స్తంభం, చుట్టుపక్కల కొన్ని ఊళ్లు. అంత చిన్న గొంతుకు కూడా ఇంత భయమా?

భయానికి కారణాలున్నాయని నాకూ తెలుసు. మీ అధికారులు చెప్పకముందే నేను చెప్తాను. 1994లో రువాండాలో ఆర్‌టీఎల్‌ఎం అనే రేడియో టుట్సీ తెగవాళ్లను బొద్దింకలని పిలిచి, ఎక్కడ దాక్కున్నారో చెప్పి మరీ చంపించింది. అది నడిపినవాళ్లను అంతర్జాతీయ ట్రిబ్యునల్ శిక్షించింది. కానీ ఆ స్టేషను ఎవరిది? వీధిలో వాళ్లది కాదు, అధికారంలో ఉన్నవాళ్ల చుట్టాలది, స్నేహితులది. ప్రభుత్వం కన్నెర్ర చేస్తే ఒక్కరోజులో ఆగేదే, కన్నెర్ర చేయలేదు.

అమెరికా కథ వేరు, మనం నేర్చుకోవాల్సింది అందులోనే ఎక్కువుంది. రెండు వైపుల మాటా వినిపించాలన్న నియమం అక్కడ 1949 నుంచి ఉండేది. 1987లో తీసేశారు. మరుసటి ఏడే రష్ లింబా అనే ఆయన ఒకవైపు రాజకీయమే మాట్లాడే షో దేశమంతా వ్యాపించింది. 1996లో చట్టం మారి, ఒక్కో కంపెనీ వందల స్టేషన్లు కొనుక్కునే వీలొచ్చింది. అంతకుముందు ఒక్కో ఊళ్లో ఆ ఊరి స్కూలు బోర్డు గురించీ, మంచు ఎత్తే బండి రాలేదనీ మాట్లాడిన గంటల్లోకి, ఎక్కడో కూర్చున్న ఒకే మనిషి కోపం శాటిలైట్ మీద వచ్చి కూర్చుంది. టాక్ రేడియో అక్కడ చెడింది ఊరి మాటల వల్ల అని నేననుకోను. ఊరి మాట పోయి, ఎవరి ఊరూ కాని మాట వచ్చాక చెడింది. పక్క వీధివాణ్ణి రేడియోలో తిట్టి, సాయంత్రం అదే కిరాణా కొట్టుకు పాల ప్యాకెట్ కోసం వెళ్లాలంటే ఎవరికైనా నాలుక కొంచెం అదుపులో ఉంటుంది.

అందుకే నేను అడిగేది పూర్తి స్వేచ్ఛ కాదు. చిన్న కోరికలే.

టెలికాం నియంత్రణ సంస్థ ట్రాయ్ 2023 సెప్టెంబరులో మీకు సిఫార్సు చేసింది, ప్రైవేటు ఎఫ్‌ఎంలకు గంటకు 10 నిమిషాలు వార్తలూ వర్తమాన విషయాలూ అనుమతించమని. మంచి మాట. నేను ఈ ఉత్తరం రాసే రోజుకి స్టూడియోల్లో అదే పాత కాగితం అంటించి ఉంది. ఆ సిఫార్సు అమలు చేయండి, కానీ ఒక చిన్న మార్పుతో. పది నిమిషాలు వార్తలు చదవడానికి సరిపోతాయి. జనం మాట్లాడుకోవడానికి చాలవు. ఒక ముసలాయన ఫోన్లో అసలు విషయానికి రావడానికే మూడు నిమిషాలు పడుతుంది, ముందు నా ఆరోగ్యం అడుగుతాడు, తర్వాత నా షోలో ఫలానా పాట ఎందుకు వేయట్లేదని అడుగుతాడు. ఆ పదేసి నిమిషాలను కూడబెట్టుకుని సాయంత్రం ఒక గంట ఒకేచోట వాడుకునే వీలివ్వండి.

ఆ గంట ఊరిదే కావాలి. మాట్లాడించేవాళ్లు ఆ ఊళ్లో ఉండాలి, స్టూడియో ఆ ఊళ్లో ఉండాలి. హైదరాబాద్‌లోనో ముంబైలోనో తయారై, నెట్‌వర్క్ మీద ఇరవై ఊళ్లకు ఒకేసారి వచ్చే చర్చ వద్దు. పాటలకు నెట్‌వర్క్ ఇచ్చారు, ఇవ్వండి. మాటకు మాత్రం వద్దు. ప్రొద్దుటూరు గంటలో ప్రొద్దుటూరు మాట, సూర్యాపేట గంటలో సూర్యాపేట మాట. తెలుగు పేపర్లు జిల్లా ఎడిషన్లు పెట్టినప్పుడు, మా వీధి కుళాయి గురించి పేపర్లో ఎవరు చదువుతారని నవ్వినవాళ్లున్నారు. ఇప్పుడు జనం ముందు తిప్పేది ఆ పేజీనే.

ఎవరి గురించైనా, అధికారి గానీ నాయకుడు గానీ, ఆరోపణ వస్తే, వారం లోపల అదే టైములో, అన్ని నిమిషాలూ ఆయనకివ్వాలి. ఫోన్‌లో మాట గాల్లోకెళ్లే ముందు కొన్ని సెకన్లు ఆపే ఏర్పాటు తప్పనిసరి చేయండి. అదేం పెద్ద ఖర్చు కాదు. బూతు, కులం పేరుతో తిట్టు, మత విద్వేషం అక్కడే ఆగిపోతాయి. కమ్యూనిటీ రేడియోలు ఇప్పటికే మూడు నెలల పాటు రికార్డింగులు దాచాలి, ఈ గంటకూ అదే పెట్టండి. డబ్బు తీసుకుని చర్చ పెడితే లైసెన్సు తీసేయండి. స్టేషను యజమాని ఏ పార్టీలోనైనా ఉంటే ఆ సంగతి రోజూ కార్యక్రమం మొదట్లో చెప్పించండి. ఎన్నికల కోడ్ వచ్చినప్పుడు కోడ్ ప్రకారమే.

మొదలు మాత్రం కమ్యూనిటీ రేడియోలతో పెట్టండి. పంచాయతీ, మండలం, వార్డు స్థాయి విషయాలకు ఆ 'రాజకీయ స్వభావం' వాక్యం వర్తించదని ఒక్క లైను ఉత్తర్వు ఇస్తే చాలు. గ్రామసభ జరిగినప్పుడు అందులో ఏం మాట్లాడారో ఊరికి వినిపించడానికి ఒక రేడియోకి ఢిల్లీ అనుమతి కావాలంటే, గ్రామసభ పెట్టడమెందుకు?

ఆకాశవాణి హైదరాబాద్ కార్మికుల కార్యక్రమంలో చిన్నక్క, ఏకాంబరం మాట్లాడుకుంటుంటే మా నాన్న చేతిలో పని ఆపి వినేవాడు. ఇద్దరు మామూలు మనుషుల్లా, మామూలు తెలుగులో, అప్పుల గురించీ, తాగుడు గురించీ, కార్మికుల హక్కుల గురించీ. అదీ సర్కారు రేడియోనే. అప్పుడు తప్పు కాని మాట ఇప్పుడు ఎందుకు తప్పయిందో నాకు తెలీదు. నా షోలో మాత్రం ఆరేళ్లలో అలాంటి సంభాషణ ఒక్కటి కూడా నడవలేదు. బోల్డంత సరదాగా ఉండేది, అవార్డులు కూడా వచ్చాయి.

ఉద్యోగం ఎందుకు మానేశావని అడుగుతారు. జీతం వల్ల కాదు. ఒకరోజు ఇంట్లో మా అమ్మ, కిందివాటావాళ్లు డబ్బులిచ్చినా పంచాయతీరాజ్‌లో వాళ్లబ్బాయి బదిలీ ఆగలేదన్న సంగతేదో చెప్తోంది. మధ్యలోనే నేను "సరేలే అమ్మా, టీ పెట్టనా" అన్నాను. ఆవిడ నా కుడిచేతి వంక చూసింది. డైనింగ్ టేబుల్ మీద నా వేలు కిందికి జరుగుతోంది, ఫేడర్ దించుతున్నట్టు.

జవాబు రాస్తే తెలుగులో రాయించండి, అమ్మకు చదివి వినిపిస్తాను. హిందీలో వచ్చినా పర్లేదు, వీధి చివర ట్యూషన్ చెప్పే మాస్టారున్నారు. వర్షాకాలం మొదలైంది. అమ్మ రేడియోలో కొత్త సెల్లులు వేసి, ఈసారి అటక మీద కాకుండా తలగడ పక్కనే పెట్టుకుంది.

ఇట్లు,
ఒకప్పటి రేడియో జాకీ,
సింగ్‌నగర్, విజయవాడ